బల్లకు మళ్ళీ మెరుగు

పిల్లలూ! మీ ఇంట్లో చెక్క బల్ల ఉంటే ఒక్కసారి దాని దగ్గరికి వెళ్ళండి. కిటికీ వైపు ముఖం పెట్టి, కళ్ళు బల్ల ఎత్తుకు వచ్చేటట్టు వంగి, దాని పైభాగాన్ని ఏటవాలుగా చూడండి. నిలబడి చూసినప్పుడు కనబడనివి ఎన్నో ఇప్పుడు కనిపిస్తాయి. ఒకచోట తెల్లని వలయం, ఒకచోట నల్లని మచ్చ, ఒకచోట చిన్న గుంట, మరొకచోట పొడవాటి గీత. వీటిని చూసి పెద్దవాళ్ళు "బల్ల పాడైపోయింది" అంటారు. వైద్యుడు రోగిని చూసి "మీకు ఒంట్లో బాగాలేదు" అంటే ఎలా ఉంటుందో ఈ మాటా అలాగే ఉంటుంది. ఆ సంగతి రోగికి ముందే తెలుసు. జబ్బు ఏదో చెప్పాలి గదా!

బల్లకు వచ్చే జబ్బులు నాలుగైదు రకాలు. ఒక్కొక్కదానికి కారణం వేరు, మందు వేరు. ఒకదాని మందు మరొకదానికి వేస్తే జబ్బు నయం కాకపోగా ముదురుతుంది. కారణం తెలుసుకున్నవాడికి మాత్రం చాలా బల్లలు లొంగుతాయి.

మా వీధిలో ఒక అక్కా తమ్ముడూ ఉన్నారు. అక్క తొమ్మిదో తరగతి, తమ్ముడు ఆరో తరగతి. వాళ్ళ తాత వడ్రంగి. ఆయన టేకు పలకలు మూడు అతికి, చిత్రిక పట్టి, ఒక మేకు కూడా కొట్టకుండా కుసులతోనే బిగించి ఇంటికొక బల్ల చేశాడు. తాత ఇప్పుడు లేడు. పోయిన సంవత్సరం వాళ్ళింట్లో పెళ్ళి జరిగింది. పెళ్ళి హడావిడిలో ఎవరో వేడి గిన్నెలు తెచ్చి ఆ బల్ల మీద దించారు. ఎవరో తడిసిన ఇనప బకెట్టు రాత్రంతా దానిమీదే ఉంచారు. ఎవరో దానిమీద కొబ్బరికాయలు కొట్టారు. పెళ్ళి బాగా జరిగింది గాని, బల్ల ముఖం చూడడానికి వీలులేకుండా పోయింది.

వేసవి సెలవుల చివర వాళ్ళ నాన్న, "దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి కొత్త బల్ల కొందాం," అన్నాడు. పిల్లలకు మనసొప్పలేదు. నెలరోజులు గడువు అడిగారు. నాన్న సరేనన్నాడు. ఇద్దరూ మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఏం చెయ్యమంటారు?" అన్నారు.

"ముందు ఏమీ చెయ్యకండి. చూడండి," అన్నాను.

చెక్కలో ఏమున్నది?

చెట్టు బతికి ఉన్నప్పుడు వేళ్ళు పీల్చిన నీరు ఆకులదాకా పోవాలి గదా. అది మానులోని సన్నని గొట్టాల వెంట పోతుంది. ఒక గుప్పెడు వరిగడ్డిని గట్టిగా కట్టకట్టారనుకోండి. చెక్క దాదాపు అలా ఉంటుంది. పైకి కనిపించే పోగులన్నీ ఆ గొట్టాలూ, వాటికి బలమిచ్చే నారలూను. మాను నడుమ ముదిరిన భాగాన్ని చేవ అంటాం. అక్కడి గొట్టాలలో నీరు పారడం మానేసి, రంగూ, జిగురూ, చేదూ నిండి ఉంటాయి. అందుకే చేవను పురుగు త్వరగా ముట్టదు. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది. మంచి బల్లలు చేవతో చేస్తారు.

చెట్టును కొట్టి కోసి ఎండబెట్టినా ఈ గొట్టాల గోడలు గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటాయి. తేమ పీల్చినప్పుడు గోడలు లావెక్కుతాయి. అందువల్ల చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. నిలువున, అంటే పోగు వెంట, దాదాపు ఏమీ పెరగదు. వానాకాలంలో తలుపులు ద్వారబంధాన్ని పట్టేసి, ఎండాకాలంలో సులువుగా పడడానికి కారణం ఇదే. చెక్కను బాగుచేసేవాడు ఈ ఒక్క సంగతిని ఎన్నడూ మరవకూడదు.

ముందు మూడు పరీక్షలు

పిల్లలకు మూడు పరీక్షలు చెప్పాను. మీరూ మీ ఇంట చేసి చూడవచ్చు.

మొదటిది: బల్ల అంచు చూడాలి. పైన కనిపించే పోగులు అంచుదాకా వచ్చి, చివర గొట్టాల కొసలు చుక్కచుక్కలుగా కనిపిస్తే అది నిండు చెక్క. అలాకాక అంచున వేరే పొర కనిపిస్తే, నాసి చెక్క మీద మంచి చెక్క రేకు అతికారన్నమాట. ఆ రేకు ఒక్కొక్కప్పుడు మిల్లీమీటరు మందమైనా ఉండదు. దానిని గట్టిగా రుద్దితే రేకు అరిగి కింది చెక్క బయటపడుతుంది. ఇక దానికి మందు లేదు. పైన ప్లాస్టిక్కు వంటి రేకు అతికించిన బల్లలకు ఈ వైద్యం అసలే పనికిరాదు.

రెండవది: పూత ఏదో తెలుసుకోవాలి. బల్ల కాలు లోపలివైపు, ఎవరికీ కనిపించనిచోట పెద్దవాళ్ళ చేత పాలిషు స్పిరిట్ ఒక చుక్క వేయించాలి. ఒక నిమిషం ఆగి వేలికి గుడ్డ చుట్టి తాకితే, పూత మెత్తబడి జిగటగా తగిలితే అది లక్క పాలిషు. ఏ మార్పూ లేకపోతే వార్నిషో మరొకటో అయి ఉంటుంది.

మూడవది: బల్లకు పాత రంగు వేసి ఉన్నదా అని చూడాలి. పూర్వపు రంగులలో సీసం కలిపేవారు. అది విషం. రుద్దినప్పుడు లేచే దుమ్ము లోపలికి పోతే పిల్లల మెదడుకు హాని చేస్తుంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసాన్ని కట్టడి చేస్తూ 2016లో నియమం చేశారు. అంతకు ముందరి రంగు వేసిన సామానును పిల్లలు ఎంతమాత్రం రుద్దకూడదు.

మా వీధి పిల్లల బల్ల నిండు టేకు. దానికి లక్క పాలిషు వేసి ఉన్నది. రంగు లేదు. మూడు పరీక్షలూ నెగ్గింది.

తెల్ల మచ్చ ఎందుకు తెల్లగా ఉన్నది?

వేడి గిన్నె పెట్టినచోట తెల్లని వలయం పడింది. "పాలు ఒలికాయేమో!" అన్నాడు తమ్ముడు. పాలు కావు. ఇంట్లో కలకండ ఉంటే ఒక పలుకు తీసుకుని వెలుతురులో చూడండి. అద్దంలాగా కనిపిస్తుంది. దానినే రోట్లో వేసి నూరండి, తెల్లటి పొడి అవుతుంది. రంగు ఎక్కడినుంచి వచ్చింది? రంగేమీ రాలేదు. పలుకులో వెలుతురు నేరుగా సాగిపోయింది. పొడిలో వేలకొద్దీ చిన్న ముఖాలకు తగిలి, నాలుగు దిక్కులా చెదిరిపోయింది. చెదిరిన వెలుతురు మన కంటికి తెల్లగా కనిపిస్తుంది.

పాలిషు పొర కూడా అంతే. వేడి గిన్నె దానిని మెత్తబరుస్తుంది, గిన్నె అడుగు చెమ్మ అందులోకి దూరుతుంది. పొరలో కంటికి కనిపించనంత చిన్న బుడగలు ఏర్పడి వెలుతురును చెదరగొడతాయి. కనుక తెల్ల మచ్చ చెక్కలో లేదు, పైనున్న పాలిషులోనే ఉన్నది. చెమ్మను బయటికి పంపితే చాలు. కొన్ని మచ్చలు పొడి గాలి తగిలేచోట నాలుగు రోజులు ఉంచితే వాటంతటవే పోతాయి. పోకపోతే పెద్దవాళ్ళు మెత్తని గుడ్డను స్పిరిట్‌తో తడీతడిగా చేసి, ఎక్కడా ఆపకుండా మచ్చ మీదుగా ఒకటి రెండుసార్లు తేలికగా దాటిస్తారు. స్పిరిట్ లక్కను ఒక్క క్షణం కరిగించి, తాను ఎగిరిపోతూ చెమ్మను కూడా తీసుకుపోతుంది. గట్టిగా రుద్దితే మాత్రం పాలిషే ఊడివస్తుంది.

నల్ల మచ్చా, కలంకారీ నలుపూ

ఇనప బకెట్టు ఉంచినచోట నల్లని గుండ్రం పడింది. ఇది పాలిషులో లేదు. చెక్క లోపలికి ఇంకింది. చాలా చెట్ల చెక్కలలో వగరు పదార్థం ఉంటుంది. కరక్కాయలోనూ, తుమ్మ బెరడులోనూ, టీ ఆకులోనూ ఉండేది అదే జాతి వగరు. తడి ఇనుమునుంచి దిగిన తుప్పు ఈ వగరును కలిస్తే నల్లని రంగు పుడుతుంది.

ఈ రంగును మన కలంకారీ పనివారు తరతరాలుగా ఎరుగుదురు. శ్రీకాళహస్తిలోనూ, మచిలీపట్నం దగ్గర పెడనలోనూ గుడ్డను ముందు కరక్కాయ రసంలో తడిపి ఆరబెడతారు. ఇనప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీటితో గుడ్డ మీద గీసిన గీత నల్లబడి నిలిచిపోతుంది. పాత రోజుల సిరా చేసినదీ ఈ సూత్రం మీదనే. పెళ్ళివారి బకెట్టు తెలియకుండా బల్లమీద కలంకారీ వేసిందన్నమాట!

ఈ మచ్చను గరుకు కాగితంతో రుద్ది తియ్యబోతే గుంట పడుతుందే గాని మచ్చ పోదు. దీనికి మందు ఆక్సాలిక్ ఆమ్లం. చుక్కకూర పులుపులో కాస్త ఉండేది ఇదే. అది ఇనుమును తనతో కలుపుకుని నీళ్ళలోకి తెస్తుంది. నలుపు విరిగిపోతుంది. కాని దుకాణంలో అమ్మే పొడి చుక్కకూర కాదు. అది విషం. కళ్ళకూ, చర్మానికీ, ఊపిరికీ హాని చేస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులూ, కళ్ళకు అద్దాలూ పెట్టుకుని పెద్దవాళ్ళే చెయ్యాలి. మచ్చ పోయాక ఆ చోటును రెండు మూడుసార్లు నీళ్ళతో కడిగి తుడవాలి. లేకపోతే ఆరిన పొడి తరవాత రుద్దినప్పుడు దుమ్మై ముక్కులోకి పోతుంది. మచ్చ పలచనిదైతే నిమ్మరసం కూడా కొంత పనిచేస్తుంది.

ఆ పని చెయ్యడానికి వాళ్ళ నాన్న రావలసి వచ్చింది. మొదటిరోజు, "ఇది నెల రోజుల్లో అయ్యే పనేనా?" అంటూ వచ్చాడు. మచ్చ మీద మందునీరు పెట్టి పావుగంట కూర్చున్నాడు. నలుపు గోధుమరంగుకు దిగడం చూసి మరొక పావుగంట కూర్చున్నాడు. మర్నాడు ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

గుంటకు ఆవిరి, గీతకు లక్క

కొబ్బరికాయ తగిలినచోట గుంట పడింది. గుంటకూ గీతకూ పెద్ద భేదం ఉన్నది. గుంటలో గొట్టాలు నలిగాయి గాని తెగలేదు. తడిసి నలిగిన గడ్డిపోచలాగా అణగి ఉన్నాయి. గీతలోనో, అవి తెగిపోయాయి.

నలిగిన గొట్టాలను లేపడానికి నీరూ, వేడీ కావాలి. వేడి తగిలితే చెక్క గోడలలోని గట్టి పదార్థం మెత్తబడుతుంది, నీరు పీల్చి గోడలు మళ్ళీ ఉబ్బుతాయి. గుంట మీద తడిపి పిండిన గుడ్డ పరచి, దానిమీద వేడి ఇస్త్రీ పెట్టెను కొద్ది క్షణాలు ఆనించి తియ్యాలి. ఆవిరి లోపలికి పోతుంది. గుడ్డ ఆరకముందే పెట్టె తియ్యాలి. లేకపోతే చెక్క మాడుతుంది. రెండు మూడుసార్లు చేస్తే గుంట చాలావరకు పైకి లేస్తుంది. అయితే ఆవిరి తగిలితే లక్క పాలిషు తెల్లబడి పాడవుతుంది. అందుచేత పాత పాలిషును స్పిరిట్‌తో తుడిచివేసిన తరవాతే ఈ పని చెయ్యాలి. మరొక జాగ్రత్త. పూర్వపు వడ్రంగులు పలకలు అతకడానికి జంతువుల తోలుతో కాచిన జిగురు వాడేవారు. దానినే వజ్రం అంటారు. పేరు వజ్రమే గాని, వేడీ చెమ్మా కలిసి తగిలితే ఊడిపోతుంది. కనుక అతుకుల దగ్గరికి ఆవిరిని పోనివ్వరాదు.

తెగిన గీత ఆవిరికి లేవదు. దానిని నింపవలసిందే. చాలామంది రంపపు పొట్టును జిగురులో కలిపి నింపుతారు. అక్కడ జిగురు నిండి ఉంటుంది గనక, పైన వేసిన పాలిషు దానిలోకి ఇంకదు. చివరికి ఆ చోటు వేరే రంగులో మచ్చలాగా మిగులుతుంది. పనివాళ్ళు లక్క కడ్డీని వేడి ఇనప ముక్కతో కరిగించి గీతలో పోస్తారు. చల్లారాక పదునైన ఉలితో పైకి లేచినదాన్ని సమంగా చెక్కేస్తారు. చెక్క రంగుకు సరిపడే లక్కను ఎంచుకుంటే కంటికి ఆనదు.

వాళ్ళ నాన్న అటకమీదనుంచి ఒక గోనెసంచి దించాడు. అందులో తాత ఉలులూ, చిత్రికా ఉన్నాయి. తుప్పు తుడిచి, ఉలిని రాయిమీద నూరాడు. ఆయన చేసేది గుమాస్తా ఉద్యోగం. కాని ఉలి పట్టుకున్న పద్ధతి చూస్తే చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నేర్చినవాడని తెలుస్తూనే ఉన్నది.

బల్ల కుడిమూల మరొక గీత ఉన్నది. కాంపాసు ముల్లుతో చెక్కిన రెండు అక్షరాలు. తమ్ముడు, "నాన్నా, దీన్ని కూడా లక్కతో నింపేద్దామా?" అన్నాడు. నాన్న కాసేపు మాట్లాడలేదు. ఆ అక్షరాలు ఆయనవే. ఏడో తరగతిలో గీశాడట. తాత చూసి కోప్పడలేదట. "చిత్రిక పడితే ఒక్క నిమిషంలో పోతుంది. కాని ఇక్కడ ఎవడు కూర్చుని చదివాడో బల్లకు తెలియవద్దూ!" అన్నాడట. ఆ రెండు అక్షరాలనూ అలాగే ఉంచారు. బల్లను బాగుచెయ్యడం అంటే దాని మీద ఉన్నదంతా చెరిపెయ్యడం కాదు. ఏది పోవాలో, ఏది ఉండాలో ఇంటివాళ్ళు నిర్ణయించుకోవాలి. ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పదు.

గరుకు కాగితం సంఖ్యలు

ఇక నునుపు చెయ్యాలి. గరుకు కాగితాన్ని మా వైపు ఉప్పుకాగితం అంటారు. దాని వెనక ఒక సంఖ్య వేసి ఉంటుంది. సంఖ్య పెరిగినకొద్దీ రేణువులు సన్నగా ఉంటాయి. 120తో మొదలుపెట్టి, 180కి వెళ్ళి, 220తో ముగిస్తే బల్లకు సరిపోతుంది. మధ్య మెట్టు వదిలిపెట్టి దూకకూడదు. 120 వేసిన గీతలను 180 చెరుపుతుంది, 180 వేసినవాటిని 220 చెరుపుతుంది. ఒకేసారి 220తో 120 గీతలను చెరపబోతే చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది. పాలిషు వేశాక ఆ గీతలన్నీ పైకి తేలి వెక్కిరిస్తాయి.

కాగితాన్ని సమమైన కొయ్యముక్కకు చుట్టి, పోగు వెంటనే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గొట్టాలు తెగి, గీతలు కొట్టవచ్చినట్టు కనిపిస్తాయి. ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకుని, ఇంటి బయట చెయ్యాలి. చెక్క దుమ్ము ఊపిరికి మంచిది కాదు. చివర ఒక చిన్న రహస్యం ఉన్నది. నునుపైన బల్లను తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. అణగి ఉన్న సన్నని నారలు నీరు తగిలి లేచి నిలబడతాయి. చేత్తో తడిమితే గరగరలాడుతుంది. వాటిని మళ్ళీ 220తో తేలికగా తీసేస్తే, ఆ తరవాత పాలిషు తగిలినప్పుడు లేవవు.

ఈ పని చాలావరకు పిల్లలే చేశారు. అక్క పోగు వెంట, నెమ్మదిగా. తమ్ముడు మొదట అడ్డంగా రుద్దాడు. అక్క వాడిచేత బల్లను ఏటవాలుగా చూపించింది. ఆ తరవాత చెప్పవలసిన పని లేకపోయింది.

లక్క ఎక్కడిది?

దుర్యోధనుడు పాండవుల కోసం లక్కయిల్లు కట్టించిన కథ మీకు తెలుసు. లక్క త్వరగా అంటుకుంటుందనే గదా ఆ దుర్మార్గుడు దానిని ఎన్నుకున్నది! ఆ లక్కే ఈ లక్క.

దానిని తయారుచేసేది ఒక పురుగు. సుమారు అరమిల్లీమీటరు పొడవుండే పిల్లపురుగులు వేలకొద్దీ రేగు, మోదుగ వంటి చెట్ల లేతకొమ్మలపై పాకి, ఒకచోట ముక్కు గుచ్చి రసం పీలుస్తాయి. తమ ఒంటిచుట్టూ జిగురు స్రవిస్తాయి. అన్నింటి జిగురూ కలిసి కొమ్మచుట్టూ గట్టి తొడుగు అవుతుంది. దానిని గీకి, దంచి, కడుగుతారు. కడిగిన నీళ్ళలోకి ఎర్రరంగు దిగుతుంది. పూర్వం ఆడవాళ్ళు పాదాలకు పెట్టుకునే లత్తుక ఆ రంగే. మిగిలిన లక్కను కరిగించి, గుడ్డ సంచిలోంచి పిండి, పల్చని రేకులుగా సాగదీస్తారు. మనదేశంలో లక్క ఎక్కువగా పండేది జార్ఖండులో. దానిమీద పరిశోధనకు రాంచీ దగ్గర 1924లో ఒక సంస్థనే పెట్టారు. మీ తాతల నాటి గ్రామఫోను పళ్ళేలు లక్కతో చేసినవే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే బొమ్మల మెరుపు కూడా లక్కదే. తిరిగే కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పూత పడుతుంది.

లక్క నీటిలో కరగదు. స్పిరిట్‌లో కరుగుతుంది. 200 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 30 నుంచి 40 గ్రాముల రేకులు వేసి, మూతపెట్టి రాత్రంతా ఉంచితే పాలిషు సిద్ధం. సీసా మీద తేదీ రాయడం మరవకండి. చాలా నెలలు నిలవ ఉన్న పాలిషు వేస్తే బల్లమీద గట్టిపడకుండా జిగటగానే ఉండిపోతుంది. ఈ స్పిరిట్ తాగితే ప్రాణం తీసే విషం. మంట చూపితే భగ్గుమంటుంది. పొయ్యికీ, దీపానికీ దూరంగా, కిటికీలు తెరిచి, పెద్దవాళ్ళే కలపాలి.

పల్చని పూతలు

దూదిని ఉండచేసి, ఉతికిన మెత్తని నూలుగుడ్డలో మూటకడితే పాలిషు పెట్టే మూట అవుతుంది. దూదికి పాలిషు పట్టించి, గుడ్డకు రెండు చుక్కల అవిసెనూనె రాస్తే మూట అంటుకోకుండా జారుతుంది. దానిని బల్లమీద పెట్టి ఆపకూడదు. కొంగ నీటిమీద వాలి మళ్ళీ లేచినట్టు, కదులుతూనే దిగి కదులుతూనే లేవాలి. ఒక్క క్షణం ఆగినా కింది పూత కరిగి మూటను పట్టుకుంటుంది. ఒక్క మందమైన పూతకన్నా పది పల్చని పూతలు మేలు. ప్రతి కొత్త పూతలోని స్పిరిట్ కింది పూతను కొద్దిగా కరిగించి దానితో కలిసిపోతుంది. కనుక పది పూతలు చివరికి ఒకే పొర అవుతాయి. బల్ల అడుగున కూడా ఒకటి రెండు పూతలు వెయ్యాలి. పైనా కిందా తేమ ఒకేలా పీలిస్తే పలక వంకర తిరగదు.

అడుగున పాలిషు పెట్టడానికి బల్లను తలకిందులు చేసినప్పుడు మూడు పలకల మీదా పెన్సిలుతో 1, 2, 3 అని రాసి, వాటిమీదుగా ఒక త్రికోణం గీసి ఉన్నది. పలకలు అతికేటప్పుడు వరస తప్పకుండా వడ్రంగులు వేసుకునే గుర్తు అది. ఏళ్ళు గడిచినా చెరగలేదు. అక్క వాటిని తుడవనివ్వలేదు. వాటి మీదుగానే పాలిషు పెట్టించింది.

గడువుకు ఇక నాలుగు రోజులే ఉన్నది. ఆ సాయంత్రం వాన పట్టింది. "ఈ ఒక్క పూతా అయిపోతే చాలు," అని తమ్ముడు పట్టుబట్టి నాన్నచేత వేయించాడు. పావుగంటలో బల్లంతా పొగమంచు కమ్మినట్టు తెల్లబడింది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం జరిగిందో మీరే చెప్పగలరు. స్పిరిట్ ఎగిరిపోతూ చెక్క పైభాగాన్ని చల్లబరిచింది. వానగాలిలోని తేమ ఆ చల్లదనానికి బల్లమీద దిగి, ఆరని పాలిషులో చిక్కుకున్నది. మొదట చూసిన తెల్ల మచ్చే ఇది, కాకపోతే బల్లంత పెద్దది. అక్క ఆ మాట చెప్పి, "ఎండ రానియ్యి," అన్నది. మూడో రోజున ఎండ కాసింది. నాన్న స్పిరిట్‌తో తడీతడిగా ఉన్న మూటను తేలికగా నడిపించాడు. మంచు తొలగినట్టు తెలుపు తొలగి, కిందినుంచి టేకు పోగులు తేనెరంగులో పైకి వచ్చాయి. పాత సామాన్లవాడి మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నూనెగుడ్డను ఉండచుట్టకండి

కొందరు లక్కకు బదులు అవిసెనూనె పట్టిస్తారు. అది మంచిదే. కాని తల్లిదండ్రులు ఒక్క సంగతి తప్పక తెలుసుకోవాలి. కొబ్బరినూనె ఆరదు. అవిసెనూనె ఆరుతుంది. అది నీరు ఆరినట్టు ఆవిరైపోదు, గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టి మూల పడేస్తే వేడి లోపలే పేరుకుని, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది.

ఇది కట్టుకథ కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 38 అంతస్తుల భవనం ఒకటి ఉండేది. 1991 ఫిబ్రవరి 23న దాని 22వ అంతస్తులో నిప్పు లేచింది. చెక్కపనికి మెరుగుపెట్టిన వాళ్ళు వదిలిపోయిన అవిసెనూనె గుడ్డలే కారణం. మంటలు 18 గంటలకు పైగా మండాయి. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. అందుచేత నూనె అంటిన గుడ్డను ఆరుబయట, ఒక్క మడత కూడా లేకుండా పరచి ఆరవెయ్యాలి. లేదా నీళ్ళు నింపిన డబ్బాలో ముంచి ఉంచాలి.

మీరు చేసి చూడండి

పిల్లలు చెయ్యదగిన ప్రయోగాలు రెండు చెబుతాను.

ఒకటి: పారవేసే మామిడి చెక్కముక్క తీసుకుని సుత్తితో మెల్లగా కొట్టి ఒక గుంట చెయ్యండి. పక్కనే మేకుతో గీరి ఒక గీత వెయ్యండి. అమ్మ చేత రెండిటి మీదా వేడినీళ్ళు కొన్ని చుక్కలు వేయించి, గంటసేపు ఆగండి. ఏది లేచింది, ఏది లేవలేదు? ఎందుచేత?

రెండు: తుప్పుపట్టిన మేకులను కొద్దిగా వినెగరులో ఒక రాత్రి ఉంచండి. పంచదార, పాలు వెయ్యని చిక్కటి టీ డికాక్షను గాజు గ్లాసులో పోసి, ఆ వినెగరు కొన్ని చుక్కలు కలపండి. గ్లాసులో ఏ రంగు వచ్చిందో చూడండి. తరవాత నిమ్మరసం పిండుతూ ఏమవుతుందో చూడండి. దీనిని తాగకూడదు సుమా! చూసినది చూసినట్టు నోటు పుస్తకంలో రాసుకోండి.

ఇక మెరుగుపెట్టిన బల్ల మీద ఒకటి రెండు వారాలు బరువులు పెట్టకండి. లక్క పైకి ఆరినట్టు కనిపించినా, లోపల గట్టిపడడానికి సమయం పడుతుంది. ఆ తరవాత కూడా వేడి గిన్నె దించేముందు కింద ఒక కుదురు పెట్టండి. నీళ్ళు ఒలికితే వెంటనే తుడవండి. ఒక నిమిషం పని అది. దానికి బద్ధకిస్తే, ఇప్పుడు చదివినదంతా మొదటినుంచి చెయ్యవలసి వస్తుంది.